ఎర్రమట్టి మీద నాన్న గీసిన గీత

మొన్న చలికాలంలో ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల మీద పరిశోధన చేస్తోందట. మా నాన్న సర్వే ఆఫీసులో పటాలు గీసేవాడని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చింది. టీపాయి మీద ల్యాప్‌టాప్ పెట్టి రెండు పాత పటాలు పక్కపక్కన తెరిచి చూపించింది. మొదటిది దొరల కాలంలో తయారై, తర్వాత ఒకటి రెండుసార్లు మళ్ళీ అచ్చయినది. దాంట్లో సముద్రం ఒడ్డున గోధుమరంగు గీతలు చిక్కుపడ్డ జుట్టులా ఉన్నాయి. అవి దిబ్బలు, వాటి మధ్య వాన కోసిన లోయలు. వాటికి పడమట తాటిచెట్ల గుర్తులు, నీలం దారంలాంటి ఒక గెడ్డ, అంటే చిన్న వాగు, గెడ్డ పక్కన కొన్ని ఎర్ర చుక్కలు, చుక్కల పక్కన ఇంగ్లీషులో మొగలిగెడ్డ అని పేరు. రెండో పటం కొత్తది. దాంట్లో దిబ్బలున్నాయి, తాటిచెట్లున్నాయి, గెడ్డ ఉంది. చుక్కలూ లేవు, పేరూ లేదు. అన్నిటినీ చుట్టి ఒక గీత మాత్రం ఉంది.

"ఇక్కడ ఎప్పుడైనా మనుషులుండేవారా మేడమ్? లేకపోతే పాత పటంలో పొరపాటు పడిందా?" అని అడిగింది.

"ఉండేవారమ్మా. మా అమ్మమ్మ ఉండేది" అన్నాను. కాఫీ పెడతానని లేచి వంటింట్లోకి వెళ్ళాను. పాలు కాగేదాకా స్టవ్ దగ్గరే నిలబడి, ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. కాలు తిమ్మిరెక్కినప్పుడు గిల్లుకుంటే చర్మం తెలుస్తుంది గాని నొప్పి తెలియదు, అలా ఉంది. అది నాకు కొత్త కాదు. మా ఇంట్లో అందరికీ ఒక్కసారే పట్టుకున్న తిమ్మిరి అది, నా చిన్నతనంలో.

అప్పట్లో మేం మద్దిలపాలెంలో ఒక పెంకుటింటి వెనక వాటాలో ఉండేవాళ్ళం. డిపో నుంచి తెల్లారగట్ల మొదటి బస్సు బయల్దేరే చప్పుడుకి అమ్మ లేచేది. నాన్న డ్రాయింగు సెక్షనులో పనిచేసేవాడు. పెన్సిలుతో గీసి వచ్చిన పటాల మీద, కింది గీతలు కనబడే ట్రేసింగు గుడ్డ పరిచి, సన్న పాళీతో సిరా గీతలు ఎక్కించడం ఆయన పని. ఆఫీసులో పటాలకు నకళ్ళు తీసే యంత్రం ఒకటుండేది. దాని అమ్మోనియా ఘాటు ఆయన చొక్కాలోనే కాదు, జుట్టులో కూడా ఉండేది. సాయంత్రం ఆయన గుమ్మంలోకి రాకముందే ఆ వాసన వచ్చేది. చేతికి నూనె తగిలితే గుడ్డ మీద సిరా పట్టదని పొద్దుటిపూట ఆవకాయ ముట్టేవాడు కాదు. పెరుగన్నం చెంచాతో తిని, చేతులు సున్నిపిండితో రుద్దుకుని వెళ్ళేవాడు. గీత గీసేటప్పుడు ఊపిరి బిగబట్టాలట. అది అలవాటైపోయి ఇంట్లో ఎవరైనా ముఖ్యమైన మాట చెబుతున్నా ఊపిరి బిగబట్టి వినేవాడు. మాట పూర్తయ్యాక పెద్దగా వదిలేవాడు. చిన్నప్పుడు నాకది నవ్వులాటగా ఉండేది.

చెడిపోయిన ట్రేసింగు గుడ్డ ముక్కలు ఆయన ఇంటికి తెచ్చేవాడు. రోడ్లవీ, మురుగుకాలువలవీ, పంచాయతీ బావులవీ అయితేనే. తాళం వేసి ఉంచే పటాల తాలూకు ముక్కలు ఆఫీసులోనే కాల్చేవారు. ఆ గుడ్డ పైకి నీలంగా, గాజుకాగితంలా బిరుసుగా ఉండేది గాని లోపల మంచి నూలు. అమ్మ ఆదివారం పొద్దున్నే పెరట్లో డేగిశా పెట్టి, సోడా వేసిన నీళ్ళలో వాటిని ఉడకబెట్టేది. గంజి వాసన, సిరా వాసన కలిసి వీధిలోకి కొట్టేది. గంజి వదిలాక తెల్లటి మెత్తటి గుడ్డ తేలేది. నా చిన్నప్పటి చొక్కాలు, లోపావడాలు, నాన్న చేతిరుమాళ్ళు, పాలు వడగట్టే గుడ్డ, అన్నీ అవే. కొన్ని గీతలు ఎంత ఉడికినా పోయేవి కావు. నా ఒక పావడా అంచున ఎవరిదో ఊరి రోడ్డు చాలాకాలం ఉంది.

అమ్మ పుట్టిల్లు మొగలిగెడ్డ. సెలవులిస్తే భీమిలి బస్సెక్కి, దారిలో దిగి, జీడితోటల్లోంచి నడిచి వెళ్ళేవాళ్ళం. గెడ్డ ఒడ్డున మొగలిపొదలు, ఆ పైన ఓ పాతిక గడప, ఆ వెనక దిబ్బలు. మధ్యాహ్నం పూట దిబ్బల్లోంచి గాలి వస్తే కాల్చిన జీడిపిక్కల పొగ ఊరంతా కమ్మేది. అమ్మమ్మ పేరు పైడమ్మ. సన్నగా, వంగకుండా నిలబడే మనిషి. చుట్ట కాల్చేది, అదీ అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి, పని చేసుకుంటూ పోయేది. ఆవిడ చుట్ట ఆరేదాకా ఎవరికీ జవాబుండేది కాదు. అల్లుడి ఎదుటపడడం, అల్లుడితో నేరుగా మాట్లాడడం ఆవిడ ఎరగదు. నాన్న వస్తే తలుపు వెనక నిలబడి, "అమ్మీ, మీ నాన్నని కాళ్ళు కడుక్కోమను" అని నాతో చెప్పించేది. ఆయన రెండడుగుల దూరంలోనే ఉండేవాడు. నేను మళ్ళీ ఆ మాట చెప్పేదాకా ఆయనా విననట్టే నిలబడేవాడు.

గాజువాక వైపు ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊళ్ళకు ఊళ్ళే కదులుతున్న రోజులవి. బస్సుల్లో, బియ్యం కొట్టు దగ్గర ఎవరి నోట విన్నా భూములు పోయిన మాటే. అవన్నీ అటువైపు ఊళ్ళ కబుర్లు. ఉత్తరాన ఇసకదిబ్బలూ తాటిచెట్లూ ఎవరికి కావాలి అనుకునేవాళ్ళం.

ఒకరోజు నాన్న ఆఫీసు నుంచి వచ్చి, చొక్కా విప్పకుండానే పీట మీద కూర్చున్నాడు. అమ్మ వడ్డించింది. నేను ఆయన పక్కనే తింటున్నాను. ఆయన వంకాయ కూర కలిపి, ముద్ద పెట్టకుండా అలాగే ఉండి, "మొగలిగెడ్డ లోపలికొచ్చీసినాది" అన్నాడు.

"దేన్లోపలికి?" అంది అమ్మ.

"గీత లోపలికి. డిఫెన్సోల్లకి ఫైరింగు రేంజి అంట. పెద్ద తుపాకులు పేల్చడం నేర్పడానికి. గెడ్డకి ఇవతలే ఆగుద్దనుకున్నాను. ఆగనేదు."

"ఎవలు గీసినారు?"

"ఆల్లు పెన్సిలుతో గీసి పంపినారు. సిరా నాను ఏసినాను."

"ఏసీసినారా?"

"ఏసీసినాను."

"ఆరిపోనాదా?"

"ఆరిపోనాది."

అమ్మ చారు పోసింది. ఆయన తిన్నాడు. చేయి కడుక్కుని వచ్చాక, "ఈ మాట బయటికి పోతే నా ఉజ్జోగం పోద్ది. మీ అమ్మకీ తమ్ముడికీ కూడా సెప్పకు. ఎలాగూ ఆల్లకి నోటీసొస్తాది" అన్నాడు. అమ్మ గిన్నెలు సర్దుతూ తల ఊపింది. ఆ తర్వాత నా వైపు చూసి, "నీక్కూడానే" అంది.

ఆ వేసవిలో ఎప్పట్లాగే మొగలిగెడ్డ వెళ్ళాం. వెళ్ళకపోతే ఎందుకు రాలేదని అడుగుతారని అమ్మ వెళ్ళింది అనుకుంటాను. సన్నిబాబు మావయ్య, అమ్మ తమ్ముడు, ఇంటి వెనక మెట్టలో తొలకరికి జీడిమొక్కలు పెట్టడానికి గోతులు తవ్వుతున్నాడు. ఎర్రమట్టి చెమటకి అంటుకుని ఒళ్ళంతా ఇటుకరాయిలా ఉన్నాడు. అమ్మ వెళ్ళి గట్టు మీద నిలబడింది.

"ఎండలో ఎందుకురా, వచ్చి కూకో" అంది.

"కూకుంటే గోతులు ఎవలు తవ్వుతారక్కా? ఇయి కాపుకి రానీ, నీకు బస్తాలకి బస్తాలు పంపుతాను. పిక్క మద్దిలపాలెంలో కాల్చుకుందువు గాని."

"ఈ ఏడు మానీరాదేటి? వచ్చే ఏడు పెట్టుకుందువు."

"వచ్చే ఏడు మాత్రం ఎండుండదేటి?" అని నవ్వి మళ్ళీ గునపం ఎత్తాడు.

అమ్మ అక్కడే చాలాసేపు నిలబడింది. ఇంట్లోకి వచ్చాక అమ్మమ్మ ఇచ్చిన మజ్జిగ తాగలేదు. అరుగు మీద కూర్చుని ఇంటి దూలాలూ వాసాలూ ఒక్కొక్కటే చూస్తూ ఉండిపోయింది. అమ్మమ్మ చుట్ట నోట్లో ఉంచుకుని చేటలో బియ్యం ఏరుతోంది. కూతుర్ని ఒకసారి చూసి, మళ్ళీ బియ్యంలోకి తల వంచింది.

మొక్కలు పెట్టేశారు. వానలు పడ్డాయి. మొక్కలు నిలదొక్కుకున్నాక నోటీసు వచ్చింది, వెనకే ఊళ్ళో డప్పు వేశారు. తగరపువలస అవతల స్థలాలు చూపించారు. దూలాలు, తలుపులు, రోళ్ళు బళ్ళకెత్తుకుని ఊరు కదిలింది. కొట్లాట గాని, ఏడుపులు గాని పెద్దగా లేవు. అడిగేవాళ్ళు అడిగారు, సంతకాలు పెట్టేవాళ్ళు పెట్టారు. మావయ్య గోనెల మిల్లులో పనికి కుదిరాడు. ఆ కొత్త స్థలంలో ఇల్లు లేచేదాకా అని అమ్మమ్మని మా ఇంటికి తీసుకొచ్చారు. ఇల్లు లేచింది గాని ఆవిడ వెళ్ళలేదు. రోజూ సాయంత్రం అటువైపు కాల్పుల మోత వినిపిస్తుందని, అదొక్కటే నచ్చదని చెప్పింది. మద్దిలపాలెంలో బస్సుల మోత ఫరవాలేదంది.

రెండు గదుల వాటాలో అల్లుడి ఎదుటపడకుండా ఉండడం కుదరదు. అయినా ఆవిడ తన పద్ధతి మానలేదు. నాన్న వచ్చే వేళకి పెరట్లోకి వెళ్ళిపోయేది. అమ్మ మాత్రం మారింది. ఆయనతో అవసరమైన మాట తప్ప ఆడేది కాదు. ఉప్పు చాలిందా, పాలవాడు వచ్చాడు, పిల్లకి ఫీజు కట్టాలి, అంతవరకే. కోపమా అంటే కాదు. తగవు పడగా నేను చూడలేదు. కూర రుచిలో తేడా లేదు, చొక్కాల ఇస్త్రీలో తేడా లేదు. ఇంతకుముందు ఆయన తింటుంటే ఎదురుగా కూర్చుని వీధిలో సంగతులన్నీ చెప్పేది. ఇప్పుడు వడ్డించి వంటింట్లోకి వెళ్ళిపోయేది. మేమందరం ఆ పద్ధతికి అలవాటుపడ్డాం. చుట్టాలొస్తే, మీ ఇల్లు ఎంత నెమ్మదిగా ఉంటుందో అని మెచ్చుకునేవారు.

ఒక ఆదివారం అమ్మా అమ్మమ్మా పెరట్లో ట్రేసింగు గుడ్డ పిండుతున్నారు. చెరో కొసా పట్టుకుని మెలితిప్పుతున్నారు. ఉన్నట్టుండి అమ్మ అంది:

"ఆ గీత ఏసింది మీ అల్లుడే. నాకు ముందే తెలుసు. సెప్పనేదు."

అమ్మమ్మ మెలి ఆపలేదు. నీళ్ళన్నీ కారాక గుడ్డ దులిపి తీగ మీద వేసింది. నోట్లోంచి చుట్ట తీసి, "ఏదో ఉన్నాదని నాకూ తెలుసు. ఆ పొద్దు నువ్వు మజ్జిగ తాగనేదు. మమ్మల్ని వొదిలీసి ఇల్లు సూసుకుంతా కూకున్నావు" అంది.

"మరి తమ్ముణ్ణి ఎందుకు ఆపనేదు? ఎండలో పడి అన్ని గోతులు తవ్వినాడు."

"ఆపితే ఏటి సేత్తాడు? కూకుంటాడా?" అంది అమ్మమ్మ. తడి చేయి కొంగుకి తుడుచుకుని, "ఆడికి ఆ నెల్లాళ్ళూ ఆకలి బాగా ఏసింది, బాగా తిన్నాడు" అంది.

అమ్మ ఇంకో గుడ్డ అందుకుంది.

నేను కాలేజీలో చేరాక అప్పుడప్పుడు నాన్నకి కారియర్ పట్టుకెళ్ళేదాన్ని. లోపలికి రానివ్వరు, మెట్ల దగ్గర నిలబడితే ఆయనే వచ్చేవాడు. ఒకరోజు వేళ్ళకి తెల్లటి పొడి అంటుకుని వచ్చాడు. గుడ్డ మీద ఎక్కిన సిరా తీయాలంటే సగం బ్లేడుతో గీకి, ఆ చోట పొడి రుద్ది నున్నగా చేయాలి. గట్టిగా గీకితే గుడ్డ చిరుగుతుంది. కారియర్ అందుకుని ఆయన చెట్టు నీడలో కూర్చున్నాడు గాని తెరవలేదు.

"కొత్త షీటు వేత్తన్నాం. మొగలిగెడ్డ పేరు తీసీమన్నారు. మనుషులు నేని ఊరికి పేరుంచరంట. సిన్న అక్షరాల్తో ఉంచితే ఏటి పోద్దని సార్ని అడిగినాను. ఆయన మంచోడే. రూలు ఒప్పుకోదన్నాడు." చేతులు దులుపుకుని, "మీ అమ్మతో సెప్పకు" అన్నాడు.

నేను చెప్పలేదు. ఆయన కూడా చెప్పలేదు. అప్పటికి ఆ ఇంట్లో చెప్పకుండా ఉంచిన మాటలు కూడా సామాన్లలాగే ఉండేవి. తగలకుండా పక్కనుంచి నడవడం అందరికీ వచ్చు.

ఆ తర్వాతి ఎండాకాలం అమ్మమ్మ మంచం పట్టింది. జబ్బని పేరుపెట్టలేదు డాక్టరు, వయసన్నాడు. చుట్ట మానేసింది. ఒక పొద్దున్న నాన్న ఆఫీసుకి బయల్దేరుతూ గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటున్నాడు. అమ్మమ్మ పక్కమీంచి పిలిచింది. నన్ను కాదు.

"బాబూ" అంది.

నాన్న చెప్పులు విప్పేసి లోపలికి వచ్చాడు. మంచానికి దూరంగా, గోడ పక్కన నిలబడ్డాడు. ఊపిరి బిగబట్టాడని నాకు తెలిసింది.

"నన్ను గెడ్డ దగ్గర మీ మావ పక్కన పెట్టించండి. ఆ మొగలిపొద కింద. మీకు దారి తెలుస్తాది" అంది.

ఆయన తల ఊపాడు. అన్నేళ్ళలో ఆవిడ అల్లుడితో నేరుగా ఆడిన మాట అదొక్కటే. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి వింది.

వారం తిరక్కుండా ఆవిడ పోయింది. మా వాళ్ళలో ఆడవాళ్ళం వెంట వెళ్ళం. అందుకని ఆ తర్వాతది నేను చూడలేదు, మావయ్య చెప్పగా విన్నాను. లారీలో తీసుకెళ్ళారు. గేటు దగ్గర ఆపేశారు. కాల్పులు లేవని గుర్తుగా ఎర్రజెండా కిందికి దించి ఉంది గాని, లోపలికి వెళ్ళడానికి కాగితం కావాలన్నారు. మావయ్య గేటు దగ్గరి వాళ్ళతో గట్టిగా మాట్లాడబోతే నాన్న చేయి పట్టుకుని ఆపి, "సన్నిబాబూ, నువ్వుండు, నాను మాట్టాడతాను" అన్నాడట. చాలాసేపటికి జీపులో ఒక ఆఫీసరు వచ్చాడు. మనవాడు కాదు, వచ్చీరాని తెలుగు. సంగతి విని, జీపు ముందుభాగం మీద పటం పరిచి, ఎక్కడ అని అడిగాడు. నాన్న వేలు పెట్టి చూపించాడు.

"ఇక్కడ ఊరు లేదు కదా. ఏమీ లేదు" అన్నాడు ఆఫీసరు.

"ఉండేదండి. నాను తీసీసినాను" అన్నాడు నాన్న.

ఆఫీసరుకి అర్థం కాలేదు. నాన్న తన ఉద్యోగం ఏమిటో చెప్పి, "ఈ గీత నాను ఏసిందే. పేరు గీకీసింది నానే. లారీలో ఉన్నది మా అత్త. ఆవిడ భర్తని పెట్టిన చోటు ఇదిగో, ఈ గెడ్డ మలుపు. మీ పటంలో కనబడదు" అని వివరంగా చెప్పాడట. బతిమాలలేదు, గొంతు పెంచలేదు, చొక్కా మీద ఆ తెల్లపొడి పడ్డట్టు ఒకసారి దులుపుకున్నాడట. ఆఫీసరు పటం మడతపెట్టి, చీకటి పడకుండా బయటికి వచ్చేయమని చెప్పి, దారి చూపించడానికి ఒక మనిషినిచ్చి పంపాడు. దారి చూపించింది మాత్రం నాన్నే అని మావయ్య చెప్పాడు. ఇళ్ళ గోడలు నేలకి ఒరిగిపోయాయట. మావయ్య పెట్టిన జీడిచెట్లు కాపు మీదున్నాయట. "సూసినాను. ఏటీ అనిపించనేదు" అన్నాడు మావయ్య. దానికి ఆశ్చర్యపోయినట్టు మళ్ళీ అన్నాడు.

ఇప్పుడు ఆ దారిలో వెళితే దిబ్బలకి ఒక పక్క కంచె, వాటిని కాపాడాలని చెప్పే బోర్డు, పెళ్ళికి ముందు ఫొటోలు తీయించుకునే జంటలు కనిపిస్తారు. ఇంకో పక్క ఇప్పటికీ ఎవరినీ పోనివ్వరు. ఎవరూ పోకపోవడం వల్లనే అటువైపు నక్కలూ పిట్టలూ మిగిలాయని చదువుకున్నవాళ్ళు అంటారు, నిజమే కావచ్చు. మా నాన్న రోజుల్లో ఒక్క షీటు చూడాలంటే బీరువా తాళం తీయాలి, రిజిస్టరులో సంతకం పెట్టాలి. ఇప్పుడు ఫోనులో వేలితో లాగితే ప్రతి తాటిచెట్టూ నీడతో సహా కనిపిస్తుంది. నేను లాగి చూశాను. గెడ్డ మలుపు దొరికింది. మనసులో ఏదైనా కదులుతుందేమోనని పెద్దది చేసి చూశాను, బొమ్మ మసకబారింది. అప్పట్లో తెలిసినా చెప్పకూడదు. ఇప్పుడు చెప్పకూడనిదేమీ లేదు, తెలిసినవాళ్ళే లేరు. ఏది నయమో నాకు తేలడం లేదు.

ఆ రోజు నాన్న, మావయ్య తిరిగి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. స్నానం చేయకుండా లోపలికి రాకూడదని ఇద్దరూ పెరటివైపు నుంచి వచ్చారు. మావయ్య నూతిగట్టు మీద కూర్చుని, గేటు దగ్గర జరిగిందంతా అమ్మకి చెప్పాడు. పేరు గీకేసిన మాట అమ్మ అప్పుడే వినడం. మావయ్య చెబుతున్నంతసేపూ నాన్న మోకాళ్ళదాకా ఎర్రమట్టితో, ఎటూ చూడకుండా నిలబడ్డాడు. చెప్పడం అయిపోయింది. అమ్మ నూతిలో చేద వేసి నీళ్ళు తోడింది, బకెట్టు నిండా తోడి ఆయన ముందుకు తెచ్చింది. ఆయన చెంబు కోసం చేయి చాపాడు.

"నాను పోసుకుంతానులే" అన్నాడు.

"వొంగండి" అంది అమ్మ.

ఆయన వంగాడు. అమ్మ తల మీద నీళ్ళు పోసి, వీపు రుద్దడం మొదలుపెట్టింది. నూతిగట్టు మీంచి మావయ్య లేచి అవతలికి వెళ్ళాడు. నేను తువ్వాలు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. నాన్న ఊపిరి పెద్దగా వదిలాడు, మళ్ళీ పీల్చాడు, మళ్ళీ వదిలాడు. అమ్మ నీళ్ళు పోస్తూనే, వీధి చివర పాలవాడి గేదె ఈనిందనీ, దున్నదూడ పుట్టిందనీ ఆయనకి చెబుతోంది.